అసలు ఏం జరిగింది? – రాంకె, జర్మన్ భావవాదం, మన పురాణకాలం

‘సిద్ధాంతాలొద్దు, అసలు ఏం జరిగిందో చెప్పండి చాలు.’ చరిత్ర మీద ఎక్కడ చర్చ మొదలైనా పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అనేవాళ్ళలో కుడివాళ్ళుంటారు, ఎడమవాళ్ళుంటారు, తమకే పక్షమూ లేదనుకునే నాలాంటి ఇంజనీర్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఈ కోరికకి చరిత్ర రచనలో ఒక పెద్దదిక్కు ఉన్నాడు. ఆయన జర్మన్ చరిత్రకారుడు లియొపోల్డ్ ఫొన్ రాంకె (1795–1886). 1824లో, ఇంకా ఫ్రాంక్‌ఫర్ట్-ఆన్-డెర్-ఓడర్‌లో బడిపంతులుగా ఉన్నప్పుడే, తన మొదటి పుస్తకానికి ముందుమాట రాస్తూ గతం మీద తీర్పు చెప్పడం, భవిష్యత్తుకి పాఠాలు నేర్పడం తన వల్ల కాదనీ, జరిగింది ఎలా జరిగిందో చూపించడం వరకే తన ఉద్దేశమనీ చెప్పుకున్నాడు. ఆ ఒక్క వాక్యం ఆయన్ని ఆధునిక చరిత్ర రచనకి పితామహుణ్ణి చేసింది. 1961లో ఇ. హెచ్. కార్ ‘చరిత్ర అంటే ఏమిటి?’ అని అడిగినప్పుడు వెక్కిరించింది కూడా ఆ వాక్యాన్నే.

మనలో రాంకె పేరు విన్నవాళ్ళకి తెలిసింది చాలావరకు ఈ కార్ చూపించిన రాంకెనే. ఆర్కైవులో కూర్చుని పత్రాలు తిరగేస్తూ, తత్త్వశాస్త్రం పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషి. ఈ బొమ్మ సగమే నిజం. రాంకె పత్రాల కింద ఫిష్టే ఉన్నాడు, హుంబోల్ట్ ఉన్నాడు, ఎవరితో విభేదిస్తూ తన దారి తేల్చుకున్నాడో ఆ హెగెల్ కూడా ఉన్నాడు. ఇది జర్మన్ల ఇంటి గొడవే అయితే మనకి అంత పట్టింపు అక్కర్లేదు. కానీ ఆ హెగెలే మనకి చరిత్ర లేదన్నాడు. అలాంటి మాటలకి జవాబుగా మన సంప్రదాయవాదులు రాసిన ‘అసలు చరిత్ర’ ఈరోజుకీ ఫోన్ల మీద తిరుగుతోంది. ఆ చరిత్రని అంచనా కట్టడానికి రాంకె కథ పనికొస్తుంది.

ఒక మాట, రెండు అర్థాలు

రాంకె వాక్యంలో పేచీ అంతా ‘ఐగెంట్లిష్’ అనే మాటతో వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని చాలాకాలం ‘నిజంగా’ అనే అర్థంలోనే తీసుకున్నారు. కానీ ఆ రోజుల జర్మన్‌లో దానికి ‘సారంలో, మూలంలో’ అనే అర్థం కూడా ఉందని జార్జ్ ఇగ్గర్స్ అనే చరిత్రకారుడు గుర్తుచేశాడు. 1962లో ఆయన రాసిన ఒక వ్యాసం ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. అమెరికన్లు రాంకెలో తత్త్వంతో పనిలేని వాస్తవవాదిని చూశారు. జర్మన్లు అదే రాంకెని భావవాదుల సంతానంగా చూశారు. ఇద్దరూ తమ గురువు రాంకెనే అన్నారు.

ఈ సంగతి పట్టుకోడానికి మనకి జర్మన్ రానక్కర్లేదు. మన ‘అసలు’ సరిగ్గా ఇలాంటి మాటే. ‘అసలు ఏం జరిగింది’ అన్నప్పుడు అది ‘నిజంగా’. ‘అసలూ వడ్డీ’ అన్నప్పుడు అది మూలధనం. ‘అసలు సంగతి వేరే ఉంది’ అన్నప్పుడు అది పైకి కనిపించేదాని కింద దాక్కున్నది. అరబ్బీలో వేరు, మూలం అనే అర్థమున్న మాట మన దగ్గరికి వచ్చి ఈ రెండు పనులూ చేస్తోంది.

మా ఉద్యోగంలో సర్వర్ పడిపోయినప్పుడు మర్నాడు ఒక రిపోర్టు రాయాలి. అందులో టైమ్‌లైన్ అని ఒక భాగం, రూట్ కాజ్ అని ఇంకో భాగం ఉంటాయి. మొదటిది లాగ్స్‌లోంచి దొరుకుతుంది. రెండోదానికి లాగ్స్ ఒక్కటే చాలవు. ఈ సిస్టమ్ ఎలా నడుస్తుందో మనకి ముందే ఒక ఊహ ఉండాలి. రాంకెకి పేరొచ్చింది మొదటి పని వల్ల. ఆయన మనసు మాత్రం రెండోదాంట్లో ఉంది.

పత్రాల కింద భావన

1820లో, అంటే మొదటి పుస్తకానికి నాలుగేళ్ళ ముందు, రాంకె తమ్ముడు హైన్రిఖ్‌కి ఒక ఉత్తరం రాశాడు. చరిత్రంతటా దేవుడు నివసిస్తున్నాడనీ, ప్రతి ఘటనా ఆయనకి సాక్ష్యం చెబుతోందనీ, చరిత్ర ఒక పవిత్రమైన చిత్రలిపి లాంటిదనీ, దాన్ని విప్పగలిగితే అదే దైవసేవ అనీ దాని భావం. లూథరన్ పాస్టర్లు, వకీళ్ళు ఉన్న కుటుంబంలో పుట్టి, లైప్‌జిగ్‌లో మతశాస్త్రం, ప్రాచీన భాషలు చదివినవాడి మాటలివి. అయితే ఇందులో ఉన్నది లూథర్ ఒక్కడే కాదు. 1805లో ఫిష్టే ఎర్లాంగన్‌లో పండితుడి స్వభావం గురించి ఉపన్యాసాలిచ్చాడు. కనిపించే లోకం కింద ఒక దైవభావన ఉంటుందనీ, దాన్ని చూసి నలుగురికీ చూపించేవాడే పండితుడనీ ఆయన వాదన. రాంకె యువకుడిగా ఉన్నప్పుడు ఫిష్టేని శ్రద్ధగా చదివాడు. పండితుడు ఒక రకంగా పూజారి అన్న భావం ఆయనకి ఈ దారిన వచ్చిందే.

ఇక్కడ మనకి వెంటనే శంకరాచార్యులు గుర్తొస్తారు. ఆ పోలిక ఎక్కువ దూరం లాగకూడదు. శంకరుడి దగ్గర కనిపించే లోకం దాటి వెళ్ళాల్సినది. ఫిష్టే, ఆ తర్వాతివాళ్ళ దగ్గర కనిపించే లోకంలోనే భావన బయటపడుతుంది. అందుకే వాళ్ళకి చరిత్ర అంత ముఖ్యమైంది. తాడులో పామునే చూసేవాడికి ఆ పాము పుట్టిన తేదీతో పనిలేదు.

రెండోవాడు విల్హెల్మ్ ఫొన్ హుంబోల్ట్. 1821లో చరిత్రకారుడి కర్తవ్యం మీద ఆయన ఒక ప్రసంగ వ్యాసం రాశాడు. జరిగింది చూపించడమే చరిత్రకారుడి పని అని ఆయనా మొదలుపెడతాడు. వెంటనే, జరిగినదాంట్లో కంటికి ఆనేది కొంతే, మిగతాది ఊహతో అందుకోవాలి, ఘటనల్ని లోపలినుంచి నడిపే భావనలుంటాయి అంటాడు. మూడేళ్ళ తర్వాత రాంకె రాసిన ముందుమాట ఈ గాలి పీల్చుకునే పుట్టింది. ఈ హుంబోల్టే తర్వాత సంస్కృతం నేర్చుకుని భగవద్గీత మీద వ్యాసం రాశాడు. 1827లో దాన్ని సమీక్షిస్తూ హెగెల్ భారతీయ చింతన మీద తన పెదవి విరుపు బయటపెట్టాడు.

ఇక హెగెల్. మాది బనగానపల్లె. బ్రహ్మంగారు రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశారనీ, అచ్చమ్మగారి ఇంట్లో తాళపత్రాలు పాతిన చోట చింతచెట్టు మొలిచిందనీ వింటూ పెరిగినవాళ్ళం. అక్కడ జరగబోయేదంతా ముందే రాసి ఉంటుంది. ఏదైనా జరిగాక దానికి సరిపోయే వాక్యం వెతుక్కోవడమే మన పని. హెగెల్‌ది కూడా ఇలాంటి కాలజ్ఞానమే అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. అది న్యాయం కాదు. జోస్యం తత్త్వవేత్త పని కాదని ఆయనే గట్టిగా చెప్పాడు. కానీ చరిత్రకి ఒక పథకం ఉందనీ, స్వేచ్ఛ అనే భావన తూర్పున మొదలై మెట్టు మెట్టుగా యూరప్‌లో వికసించిందనీ ఆయన నమ్మాడు. ఒక్కో జాతి ఒక్కో మెట్టు. మెట్టు దాటేశాక దానితో పని అయిపోయినట్టే.

1825లో రాంకె బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి హెగెల్ అక్కడ వెలిగిపోతున్నాడు. 1831లో హెగెల్ చనిపోయేదాకా ఇద్దరూ ఒకే చోట పాఠాలు చెప్పారు. అప్పట్లో హెగెల్ వైపున్న హైన్రిఖ్ లియో 1828లో రాంకె పుస్తకం మీద విరుచుకుపడ్డాడు. హెగెల్ మీద రాంకెకి ఉన్న అభ్యంతరం ఏమిటన్నది ఇక్కడ కీలకం. ‘మీ వాస్తవాలు తప్పు’ అన్నదొక్కటే కాదు. 1854లో బవేరియా రాజు రెండో మాక్సిమిలియన్‌కి రాంకె ఆంతరంగిక ఉపన్యాసాలిచ్చాడు. ఆ రాజు అంతకు నెల ముందే కన్నుమూసిన షెల్లింగ్‌కి శిష్యుడు. మానవజాతి ముందుకు పోతోందా అని రాజు అడిగాడు. ప్రతి తరమూ తర్వాతి తరానికి మెట్టు మాత్రమే అయితే, దేవుడు ముందు తరాలకి అన్యాయం చేసినట్టే కదా అన్నది రాంకె జవాబు. ఏ యుగమైనా దేవుడికి సమానదూరంలోనే ఉంటుంది, దాని విలువ దానిలోనే ఉంటుంది, దానివల్ల తర్వాత ఏమొచ్చిందన్నదాంట్లో కాదు. అంటే హెగెల్ భావవాదాన్ని రాంకె ఎదుర్కొన్నది పత్రాలతో మాత్రమే కాదు, ఇంకో భావవాదంతో.

ఆ రెండో భావవాదానికి రాజకీయం ఉంది. 1832 నుంచి 1836 దాకా రాంకె ప్రష్యా ప్రభుత్వం అండతో ఒక పత్రిక నడిపాడు. ఫ్రెంచి విప్లవం నుంచి వచ్చే ఉదారవాదాన్ని నిలవరించడం దాని పని. అందులో 1836లో వచ్చిన ఒక రాజకీయ సంభాషణలో రాజ్యాలు దేవుడి ఆలోచనల లాంటివన్నాడు. ప్రతి రాజ్యానికీ తనదైన ఆత్మ ఉంటుంది, ఒకచోటి రాజ్యాంగం తెచ్చి ఇంకోచోట నాటితే బతకదు. అది కనుపించినంత అమాయకమైన మాట కాదు. రాజ్యమే దేవుడి ఆలోచన అయితే, దాని కింద నలిగినవాడు ఎవరితో మొరపెట్టుకోవాలి?

మనకి చరిత్ర లేదన్న మాట

1822 చలికాలంలో హెగెల్ ప్రపంచ చరిత్ర తత్త్వం మీద పాఠాలు మొదలుపెట్టాడు. ఆయన పోయాక 1837లో అవి పుస్తకంగా వచ్చాయి. భారతీయులకి కావ్యాలున్నాయి, తత్త్వముంది, చరిత్ర మాత్రం లేదు, ఎందుకంటే చరిత్రని పుట్టించే రాజ్యం అక్కడ ఎదగలేదు అన్నది ఆయన తీర్పు. మరి ప్రతి యుగాన్నీ దేవుడికి దగ్గరగా పెట్టిన రాంకె? ఆయన కూడా మనల్ని గడప బయటే ఉంచాడు. కదలిక లేని జాతులతో ప్రపంచ చరిత్ర మొదలుపెట్టలేమని ఇండియానీ చైనానీ పక్కకి నెట్టి, ముసలితనంలో రాయడం మొదలుపెట్టిన ప్రపంచ చరిత్రని ఈజిప్టు, పశ్చిమాసియాలతో ప్రారంభించాడు. ఆయన సమానత్వం మనదాకా రాలేదు.

హెగెల్ పాఠాలు మొదలుపెట్టడానికి ఏడాది ముందు, 1821లో, కల్నల్ కాలిన్ మెకంజీ కలకత్తాలో చనిపోయాడు. కావలి సోదరులు, ఇంకా ఎందరో సహాయకులు దత్తమండలాల్లో ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కవిలెలు చూసి రాయించిన కైఫీయతులు అప్పటికే ఆయన సేకరణలో ఉన్నాయి. మన కడప, కర్నూలు పల్లెల చెరువులు, మాన్యాలు, పాళెగాళ్ళు, గుళ్ళు, కరువులు వాటిల్లో ఉన్నాయి. చరిత్ర లేదన్న మాట బెర్లిన్‌లో వినిపించే నాటికి ఇక్కడ బస్తాలకొద్దీ చరిత్ర కట్టలు కట్టి ఉంది.

ఆ తర్వాత మనవాళ్ళు ఊరుకోలేదు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారి తరం నుంచి, మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి దాకా, శాసనాలు చదివి చరిత్ర రాసే దారి ఒకటి ఏర్పడింది. రాంకె పద్ధతికి తెలుగులో దగ్గరి చుట్టం ఇదే. రాంకె లాగే వీళ్ళ పత్రాల కింద కూడా ఒక భావన ఉంది. మల్లంపల్లి వారు 1945లో ముసునూరి నాయకుల మీద వెలువరించిన పుస్తకానికి, మరుగునపడ్డ ఆంధ్ర చరిత్రలో ఒక అధ్యాయం అన్న అర్థంలో పేరు పెట్టారు. శాసనాల్ని ఆయన చాలా జాగ్రత్తగా చదివారు. కానీ ఆ శాసనాల వెనక ఆంధ్రం అనే ఒకే మనిషి ఉన్నాడనీ, మధ్యలో నిద్రపోయి మళ్ళీ లేచాడనీ అనుకోవడం శాసనాల్లోంచి వచ్చింది కాదు. అది ఆంధ్రోద్యమ కాలపు గాలి. తప్పని అనను. ఉందని గుర్తుంచుకోవాలి.

ఇంకో దారి కోట వెంకటాచలం గారిది (1885–1959). 1953లో ఇంగ్లీషులో వచ్చిన ‘ది ప్లాట్ ఇన్ ఇండియన్ క్రోనాలజీ’ పేరులోనే ఆయన వాదన ఉంది: మన కాలక్రమం మీద కుట్ర జరిగింది. 1793లో విలియం జోన్స్ గ్రీకులు చెప్పిన శాండ్రకోటస్‌ని చంద్రగుప్త మౌర్యుడిగా గుర్తించాడు. అది తప్పు, అతను గుప్త చంద్రగుప్తుడు అంటారు కోటవారు. ఆ ఒక్క మేకు పీకితే మొత్తం వెనక్కి జరుగుతుంది. మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534కి, బుద్ధుడి నిర్యాణం క్రీ.పూ. 1807కి వెళ్తాయి. భారతయుద్ధం క్రీ.పూ. 3138, కలియుగారంభం 3102 అన్న లెక్కలు చెక్కుచెదరకుండా నిలుస్తాయి. విశ్వనాథ సత్యనారాయణ గారి పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలూ నిలబడ్డది ఈ కాలక్రమం మీదే. నవలకి ఆ స్వేచ్ఛ ఉంది. చరిత్రకి లేదు.

కోటవారి కోపం ఉత్తిపుణ్యానికి పుట్టింది కాదు. జోన్స్ కాలపు పండితులు బైబిల్ లెక్కల్ని దాటలేక మన యుగాల్ని కుదించారన్నది నిజం. పురాణాల్ని కట్టుకథలని పక్కన పడేసిన అహంకారమూ నిజం. కానీ ఆయన వాదనకి అడ్డుపడే రాయి ఒకటి మన కర్నూలు జిల్లాలోనే ఉంది. ఎర్రగుడి దగ్గర అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాల ప్రతి ఉంది. వాటిలో పదమూడోదాంట్లో అశోకుడు తన కాలపు యవన రాజుల్ని పేరుపెట్టి చెప్పాడు. కాల్సీ, షాబాజ్‌గఢీ పాఠాలతో కలిపి చదివితే ఐదు పేర్లు తేలతాయి: అంతియోక, తులమాయ, అంతెకిన, మక, అలికసుదర. సిరియా అంతియోకస్, ఈజిప్టు టాలెమీ, మాసిడోనియా అంతిగొనస్, సిరీన్ మగస్, ఐదోవాడు ఒక అలెగ్జాండర్. ఐదుగురూ ఒకేసారి బతికున్న కాలం క్రీ.పూ. మూడో శతాబ్దం మధ్యలోనే దొరుకుతుంది. దీన్ని ఇంగ్లీషువాడు రాయలేదు, అశోకుడే చెక్కించాడు. కోటవారు దీనికి చెప్పిన జవాబు, ఆ యవనులు గ్రీకులు కారు, మన సరిహద్దు రాజ్యాల యవన క్షత్రియులని. ఐదు పేర్లూ ఐదుగురు గ్రీకు రాజుల పేర్లతో కలవడం ఏమిటన్నది ఆ జవాబులో తేలదు.

ఇక్కడే రాంకెకీ కోటవారికీ తేడా. ఇద్దరూ సంప్రదాయవాదులే. ఇద్దరికీ చరిత్ర కింద ఒక దైవసంకల్పం ఉంది. రాంకె తన మొదటి పుస్తకంలోనే, అప్పటిదాకా ప్రమాణంగా చెలామణీ అయిన గ్విచ్చార్దీని లాంటి చరిత్రకారుల్ని పత్రాలతో పోల్చి నిలదీశాడు. ఘటన విషయంలో పత్రం ‘కాదు’ అంటే ఆయన ఒప్పుకుంటాడు. కోటవారి దగ్గర రాయి ‘కాదు’ అంటే రాయి అర్థం మారుతుంది. కలియుగపు లెక్క ముందే తేలిపోయింది, మిగతావన్నీ దాని లోపల సర్దుకోవాలి. యూరప్ పండితుల మీద యుద్ధానికి దిగిన మనిషి, చివరికి హెగెల్ అలవాటునే పట్టుకున్నారు. పథకం ముందు, సాక్ష్యం తర్వాత. అంతకన్నా విచారకరం ఏమిటంటే, చరిత్ర ఉండటమంటే ఎడతెగని రాజుల జాబితా, అందరికన్నా పాత తేదీలు ఉండటమే అన్న షరతుని ఆయన ఒప్పేసుకున్నారు.

పత్రం ఒక్కటే కాపాడదు

ఇంతటితో ఆపితే ‘ఆర్కైవుకి వెళ్ళండి, అంతా చక్కబడుతుంది’ అని తేలుతుంది. జర్మన్ చరిత్ర దానికి ఒప్పుకోదు. 1886లో రాంకె పోయాక ప్రష్యా ఆస్థాన చరిత్రకారుడి పదవి హైన్రిఖ్ ఫొన్ ట్రైచ్కెకి దక్కింది. ఆయనా ఆర్కైవుల్లో పనిచేసినవాడే. 1879లో యూదుల మీద విషం కక్కిన వ్యాసం రాసిందీ ఆయనే. దేవుడి ఆలోచన అయిన రాజ్యం ఆయన చేతిలో దేవుడే అయ్యింది. రాంకె సంప్రదాయాన్ని జీవితాంతం మోసిన ఫ్రీడ్రిఖ్ మైనెకె, రెండో ప్రపంచయుద్ధం శిథిలాల మధ్య, 1948లో అచ్చైన ప్రసంగంలో, ఇకముందు మనకి రాంకె కన్నా బుర్క్‌హార్ట్ ముఖ్యం కాడా అని అడగాల్సి వచ్చింది. అధికారం మీద అనుమానం వదలని స్విస్ చరిత్రకారుడు బుర్క్‌హార్ట్. ఎనభై దాటిన మైనెకె ఆ ప్రశ్న వేయడం చిన్న సంగతి కాదు.

అయితే రాంకె భావవాదంలో పారేయాల్సింది రాజ్యం గురించిన ముక్క. యుగాల గురించిన ముక్క మనం ఉంచుకోవాలి. పోయినవాళ్ళు మన గొప్పకోసం బతకలేదు. వాళ్ళు మనకి మెట్లూ కారు, కిరీటాలూ కారు. ఈ సంయమనం ఆయనకి పత్రాల నుంచి రాలేదు, నమ్మకం నుంచే వచ్చింది.

బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. నవాబు పరీక్షకి పెట్టిన మాంసం పళ్ళెం బ్రహ్మంగారి ముందు పూలుగా మారిందని ఊళ్ళో చెప్పుకుంటారు. బ్రహ్మంగారి ముఖ్యశిష్యుడు సిద్దయ్య దూదేకులవాడు. ఈ కథలో ‘అసలు’ ఏమిటి? పత్రం లేదు కాబట్టి కథ అబద్ధం అంటాడు మొదటి రకం రాంకె. ఇది ఫలానా మతం గెలిచిన తేదీ అంటాడు ‘అసలు చరిత్ర’ పంచేవాడు. 2001లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ మూడో దారి చూపించింది. దక్షిణాదిలో చరిత్రకి విడిగా ఒక ప్రక్రియ లేదు. ఏ కాలంలో ఏ ప్రక్రియ చలామణీలో ఉంటే అందులోనే చరిత్ర రాశారు, విన్నవాళ్ళకి ఏది జరిగిన సంగతో ఏది కథో తెలిసేది. హెగెల్‌కి ఇది అసలైన జవాబు, ఎందుకంటే ఇది ఆయన షరతుల్ని ఒప్పుకోదు. అలా చదివితే ఆ పళ్ళెం కథ ఒక అద్భుతం జరిగిందా లేదా అన్న పంచాయితీ కాదు. నవాబూ, విశ్వబ్రాహ్మణ యోగీ, దూదేకుల శిష్యుడూ ఒకే కథలో ఇమిడే లోకాన్ని ఈ నేల ఎలా ఊహించుకుందో అది చెబుతుంది.

హుంబోల్ట్ 1821 వ్యాసం, రాంకె 1854 ఉపన్యాసాల్లో మొదటిది, రెండూ చిన్నవే. జర్మన్ తెలిసినవాళ్ళు ఎవరైనా వాటిని నేరుగా తెలుగులోకి తెస్తే మన చర్చలకి మేలు జరుగుతుంది. అప్పటిదాకా, ‘అసలు చరిత్ర’ అంటూ ఎవరు ఏది చేతికిచ్చినా రెండు ప్రశ్నలు అడగొచ్చు. ఇది టైమ్‌లైన్ గురించిన అసలా, మూలం గురించిన అసలా? రెండోదైతే, ఏ రాయి దొరికితే మీరు మీ మాట వెనక్కి తీసుకుంటారు?